సీటు కింద పెట్రోలు వాసన

నేను ఒక వెనక సీటును. కారు వెనక సీటును. అప్పుడే మొహం తిప్పుకోకండి. ఆత్మకథ చెప్పుకునే హక్కు స్టీరింగుకూ ఇంజనుకూ మాత్రమే ఉందని ఎక్కడా రాసిపెట్టి లేదు. నిజానికి మనుషుల సంగతి వాళ్ళిద్దరి కంటే నాకే బాగా తెలుసు. ముందు కూర్చున్నవాళ్ళు రోడ్డు చూస్తారు, వెనక కూర్చున్నవాళ్ళు మనసులో ఉన్నది మాట్లాడుకుంటారు. పెళ్ళిచూపుల్లో “అమ్మాయి లక్షణంగా ఉందండీ” అని చెప్పి వచ్చినవాళ్ళు అసలు మాట అనుకునేది నా మీద కూర్చున్నాకే. పరామర్శకు వెళ్ళి ఏడ్చి వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో కాఫీ బాగా లేదనుకునేదీ నా మీదే. వినడం నా పని, చెప్పడానికి నోరు లేదు. ఆ నోరు లేకపోవడం ఎంత నరకమో ఇప్పుడు చెబుతాను.

నేను పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. పసుపుపచ్చని నురగ అచ్చులో పోస్తే పులిసిన ఇడ్లీపిండిలా పొంగాను. లోపల ఇనప తీగలు, పైన బూడిదరంగు గుడ్డ. నా ముందంచుకు రెండు కొక్కేలు పెట్టి, కారు నేల మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కితే టక్కుమని కూర్చుండిపోయాను. అలా కూర్చోబోయే ముందు నా కింద ఏముందో ఒక్కసారి చూశాను. నేలలో చిన్న గుండ్రటి రేకు మూత. ఆ మూత కింద పెట్రోలు పంపు. పంపు కింద పెట్రోలు ట్యాంకు. కారెక్కి దర్జాగా కాలు మీద కాలేసుకునేవాళ్ళలో చాలామందికి తాము పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్నామని తెలియదు. తెలిస్తే కాస్త మెల్లగా కూర్చునేవారేమో.

నన్ను మొదట కొన్నది రాజమండ్రిలో అవధానం గారు. కాలవల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కొత్త సీటు మీద ఫ్యాక్టరీవాళ్ళు వేసిన ప్లాస్టిక్ తొడుగు ఆయన తీయనివ్వలేదు. “మాసిపోతుందే!” అనేవారు భార్యతో. వేసవికాలం ఆవిడ నా మీంచి లేస్తుంటే చర్రుమని చప్పుడయ్యేది, చీర తొడుగుకి అంటుకుపోయేది. ఆవిడ తిట్టేది, ఆయన నవ్వేవారు. నాకు మాత్రం ఊపిరాడేది కాదు. ఏళ్ళు గడిచాయి. కంట్లో శుక్లాలు వచ్చి ఆయన కారు నడపడం మానేశారు. అమ్మేసే రోజున తన చేత్తోనే ఆ తొడుగు చించి పారేశారు. కొనేవాడికి సీటు కొత్తగా కనిపించాలట! ఇంతకాలం సొంత భార్యకు లేని మెత్తదనం ఎవరి కోసం దాచారో ఆయనకైనా తెలుసో లేదో.

కొన్నవాడు రామచంద్రపురం లోవరాజు. కారు అద్దెకి తిప్పుకునేవాడు. మనిషి మంచివాడే. ఎవరు ఎప్పుడు పిలిచినా “ఆయ్, వచ్చేత్తన్నానండి” అని బయల్దేరేవాడు. వాడి తల్లి వెంకాయమ్మ, నిప్పులు కడిగే మనిషి. ఇంట్లో దీపం కొండెక్కితే ఆ రోజంతా ఆవిడ గొంతులోకి ముద్ద దిగదు. అంతకు ముందు ఏడే లోవరాజుకు పెళ్ళయింది. భార్య పేరు సునంద. నెమ్మదస్తురాలు. అత్తగారు ఒకటి చెబితే రెండో మాట మాట్లాడదు. ఈ ముగ్గురూ నా రెండో ఇల్లు.

అసలు కథ పెళ్ళిళ్ళ కాలంలో మొదలైంది. పెళ్ళికొడుకుని తీసుకెళ్ళాల్సిన ఉదయం కారు స్టార్టు కానని మొండికేసింది. లోవరాజు తన చిన్ననాటి నేస్తం బుల్లబ్బాయిని పిలిచాడు. బుల్లబ్బాయి మెకానిక్కు. వచ్చి, విని, నన్ను లేపి పక్కన పెట్టి, రేకు మూత తీసి, పాడైన పంపు బయటికి లాగి కొత్త పంపు దించాడు. అంతవరకూ బాగానే ఉంది. పంపుకీ ట్యాంకుకీ మధ్య ఒక రబ్బరు రింగు ఉంటుంది. పెట్రోలు గాని, దాని ఆవిరి గాని పైకి రాకుండా ఆపేది అదే. పాత రింగు చేతిలో పట్టుకుని బుల్లబ్బాయి మొహం చిట్లించాడు.

“ఇది ఉబ్బిపోయింది బావా. పెట్రోల్లో నానిన రబ్బరు ఒకసారి బయటికొచ్చిందంటే మళ్ళీ గాడిలో కూకోదు. కాకినాడ నుంచి కొత్తది తేవాలి. రేపటికవుద్ది.”

“రేపటికి పెళ్ళే అయిపోద్దిరా! పెళ్ళికొడుకు బాసికం కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏదోటి చేసెయ్ రా బాబూ.”

“సందులు మూసే పేస్టు రాసి బిగించేత్తాను. కానీ పెట్రోలుకి పేస్టు ఆగదు, ముందే చెప్తున్నాను. పెళ్ళి అయిపోగానే రా, రింగు మార్చేద్దాం.”

“అలాగేలే” అన్నాడు లోవరాజు.

మన దేశంలో “అలాగేలే” అన్న మాటకు అర్థం ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పెళ్ళి అయింది. దాని వెనక ఇంకో పెళ్ళి, ఆ తర్వాత ఒక గృహప్రవేశం, అన్నవరం రెండు ట్రిప్పులు. రింగు సంగతి లోవరాజు మరిచిపోయాడు. లోవరాజే రాలేదని బుల్లబ్బాయీ మరిచిపోయాడు. మరిచిపోలేనిదాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే అది ఉన్నది నా కిందే.

పేస్టు కొన్నాళ్ళు పట్టుకుంది. తర్వాత మెత్తబడి, జిగురు జిగురై, అక్కడక్కడా ఊడింది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంటే ఫరవాలేదు, ఎక్కడో అడుగున పడుంటుంది. నిండుగా ఉన్నప్పుడే వస్తుంది చావు. గుంటలో పడ్డప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోలు పైకి ఎగిరి ఆ సందులోంచి చెమటలా కారేది. రేకు మూత అంచుల్లోంచి ఆవిరి లేచేది. దాన్ని ముందు తాగేది నేను. నా నురగ నిండా ఆ ఘాటు. ఒక్క నిప్పురవ్వ పడితే నేనేమవుతానో నాకు తెలుసు. నేనేమైనా ఫరవాలేదండీ, పాత సీటుని. నా మీద మనుషులుంటారే! అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ఇక్కడే వచ్చింది తిరకాసు. లోవరాజు ఇంటి అవసరాలకు నడిపినప్పుడల్లా పెట్రోలు ముల్లు కింది గీత మీదే ఉండేది. పార్టీ, అంటే అద్దెకి మాట్లాడుకున్నవాళ్ళు, ఎక్కాక బంకుకి తీసుకెళ్ళి ట్యాంకు నింపించేవాడు. ఊరంతా అద్దె కార్లవాళ్ళు చేసే పద్ధతే అది. అందువల్ల వాసన వచ్చేది పార్టీ ఉన్నప్పుడే. వాళ్ళలో ఎవరో ఒకరు “ఏమిటయ్యా, పెట్రోలు వాసన?” అంటే లోవరాజు వెనక్కి తిరక్కుండానే “ఇప్పుడే కొట్టించాం కదండి, దాందేనండి” అనేవాడు. అదీ నిజమే అనిపించి వాళ్ళు ఊరుకునేవారు. పార్టీ దిగి, ట్యాంకు ఖాళీ అయి, ఇంటికొచ్చేసరికి వాసన పోయేది. పైగా రోజూ అందులోనే తిరిగే లోవరాజు ముక్కుకి అది అలవాటైపోయింది.

ఒకసారి పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన నా మీద కూర్చుని జేబులోంచి సిగరెట్టు తీశాడు. అమ్మో! నా తీగలన్నీ బిగుసుకుపోయాయి. కదలాలని చూశాను, కిర్రుమనడం తప్ప నాకేం చేతనవుతుంది? “సీటు వదులైపోయిందయ్యా” అన్నాడాయన, అగ్గిపెట్టె వెతుక్కుంటూ. ఏ దేవుడు చల్లగా చూశాడో, ఆయన భార్య ఆయన చేతిలోంచి సిగరెట్టు లాక్కుని కిటికీలోంచి పారేసింది. “పెళ్ళిలో కంపు కొడుతూ తిరుగుతారా?” అని కసిరింది. పెళ్ళాం చేతి చీవాట్లు ప్రాణాలు కాపాడతాయని ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ వేసవి మొదట్లో సునంద నెల తప్పింది. ఇంట్లో పండగ. లోవరాజు ఆమెను నెలనెలా కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. మొదటిసారి వెళ్ళిన రోజే, పరాయివాళ్ళ కోసం కాకుండా సొంత భార్య కోసం ట్యాంకు నింపాడు. “నా పెళ్ళాం దారిలో ఆగకూడదు” అని ముచ్చటగా అంచుదాకా కొట్టించాడు. పాపం, ప్రేమతోనే చేశాడు. సునంద ఎక్కి తలుపు వేసుకుందో లేదో ముక్కు మూసుకుంది.

“ఏవండీ, పెట్రోలు వాసన.”

“ఇప్పుడే కొట్టించాం కదే.”

“అది కాదండీ, లోపల వస్తోంది. తల తిరుగుతోంది.”

లోవరాజు అద్దంలోంచి చూసి నవ్వాడు. వాడు నవ్వడానికి కారణం ఉంది. ఆ మధ్యే సునంద ఉప్మా ముందు కూర్చుని కిరసనాయిలు వాసన అంది. కొత్త చీరలో చేపల వాసన అంది. అత్తగారు దేవుడికి పెట్టిన మల్లెపూలు దూరంగా పెట్టమని వేడుకుంది. వేవిళ్ళు! వేవిళ్ళ మనిషి ముక్కుని ఎవడు నమ్ముతాడు? ఇంటికొచ్చాక వెంకాయమ్మ అదే తేల్చేసింది. “నాకూ అంతేనే అమ్మాయ్. ఈడు కడుపులో ఉన్నప్పుడు గోదారి నీళ్ళు కూడా కంపు కొట్టేయి. నిమ్మకాయ చేతిలో పెట్టుకో, అదే పోద్ది.”

ఆమె నిమ్మకాయ పట్టుకుని కూర్చునేది. నిమ్మకాయ వాసన చూసి, వాంతి చేసుకుని, మళ్ళీ నిమ్మకాయ వాసన చూసేది. ఇంటికి వచ్చేసరికి తలనొప్పితో కళ్ళు తెరవలేకపోయేది. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని డాక్టరమ్మను అడిగితే “గాలి తగిలేలా కూర్చోమ్మా” అంది. వానలు మొదలయ్యాక కిటికీ తీస్తే జల్లు, మూస్తే వాసన. నా గుడ్డ మీద ఆమె అరచేయి పెట్టుకుని గట్టిగా నొక్కేది. ఆ చేతి చెమట నాకు తెలుస్తూనే ఉండేది. తల్లీ, నీ ముక్కు అబద్ధం చెప్పట్లేదమ్మా అని అరవాలనిపించేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఆ శంఖానికి చప్పుడైనా ఉంటుంది. నాకు అదీ లేదు.

వెంకాయమ్మకు మాత్రం కోడలి బాధ చూసి జాలేసింది. ఆవిడకు కోడలంటే ప్రాణం, మాట మాత్రమే పెళుసు. వాసనకు విరుగుడుగా ఏసీ గాలి వచ్చే చోట కర్పూరం బిళ్ళలు పెట్టింది. అది చాలదని, ముందు అద్దం దగ్గరున్న చిన్న వినాయకుడి పక్కన అగరొత్తుల స్టాండు అతికించింది. “బయల్దేరేప్పుడు రెండు అగరొత్తులు ఎలిగించరా. గంధం వాసన ముందు ఏ వాసన నిలబడద్ది?” అంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అదిగో అదే. కింద పెట్రోలు, పైన నిప్పు, మధ్యలో నేనూ, నా మీద ఏడు నెలలకు చేరుకుంటున్న కడుపుతో సునందా. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా అగరొత్తి చివర ఎర్రగా వెలిగి బూడిద రాలేది. ఆ బూడిద ఎటు రాలుతుందోనని చూస్తూ కాకినాడదాకా వెళ్ళి వచ్చేదాన్ని. ఆ ఘాటుకి తట్టుకోలేక సునంద కిటికీ సగం దించే ఉంచేది, జల్లుకి తడిసినా సరే. ఆ సగం కిటికీయే అన్నాళ్ళూ మమ్మల్ని కాపాడిందని నా నమ్మకం.

చివరికి సునంద పోరు పడలేక లోవరాజు కారుని బుల్లబ్బాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎలా తీసుకెళ్ళాడు? పార్టీ లేదు కాబట్టి ఖాళీ ట్యాంకుతో! బుల్లబ్బాయి ముక్కు ఎగబీల్చాడు. “నాకేం రావట్లేదే బావా?” అన్నాడు. అయినా బోనెట్టు ఎత్తి, గొట్టాలన్నీ తడిమి చూశాడు. కారుకి జబ్బు అనగానే మగవాళ్ళంతా ముందు బోనెట్టే ఎత్తుతారు, అదేమి అలవాటో! పెట్రోలు పోసే చోట మూతకి కొత్త రబ్బరు వేశాడు. కార్పెట్లు ఉతికించమన్నాడు. ఇంతాచేసి వెళ్ళబోయే ముందు నా మీదే కూర్చుని టీ తాగాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా మీద కూర్చుని వాసన ఎక్కడిదా అని ఆలోచించాడు!

“మా ఇంటిదానికి ఏడో నెల దగ్గరపడుతోంది రా. అంతా వాసనేనంటది” అన్నాడు లోవరాజు.

“మా ఇంట్లోనూ అంతే బావా” అన్నాడు బుల్లబ్బాయి. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత వెళ్ళిన ఆసుపత్రి ప్రయాణంలో సునంద కూర్చోలేకపోయింది. నడుం నొప్పి అని నా మీద పక్కకు వాలి పడుకుంది. అంతవరకూ నా మీద ఎంతోమంది కూర్చున్నారు గాని, ముక్కు నాకు ఆనించి పడుకున్నది ఆమె ఒక్కతే. నా వెనకంచుకూ వీపు దిండుకూ మధ్య సందు ఉంటుంది. చిల్లర డబ్బులు, పిల్లల బిస్కట్లు జారిపోయే సందు. ఆమె మొహం సరిగ్గా అక్కడికి వచ్చింది. ఒక్కసారిగా ఉలిక్కిపడి లేచింది.

“ఏవండీ! ఇక్కణ్ణించి వస్తోంది. ఈ సీటు కిందనించి. ట్యాంకు నింపినప్పుడే వస్తోందండీ, మొన్న మా పిన్నిగారింటికి వెళ్ళినప్పుడు నింపలేదు, వాసన లేదు. కావాలంటే చూడండి.”

అబ్బ, నా ప్రాణం లేచివచ్చింది! ఇంకేం, ఇప్పుడు ఆపుతాడు, నన్ను ఎత్తుతాడు, అయిపోయింది అనుకున్నాను. లోవరాజు కూడా ఒక క్షణం బండి నెమ్మది చేశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. “డాక్టరమ్మ ఎల్లిపోద్దే. పండగెళ్ళాక బుల్లబ్బాయితో ఇప్పించి చూద్దాం. అలాగే?” అన్నాడు.

ఆ “అలాగే” వినగానే నా ఆశ అణగిపోయింది. సునంద కిటికీ పూర్తిగా దించుకుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు వాసనవి కావు.

దసరా వచ్చింది. ఆ ఇంట్లో దసరాకి బండి పూజ అంటే మాటలు కాదు. కన్నబిడ్డకు తలంటి పోసినట్టు కారుకి స్నానం చేయించారు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. బంతిపూల దండలు, అరటి పిలకలు, చక్రాల కింద నిమ్మకాయలు, పక్కన దిష్టి గుమ్మడికాయ. అంతకు ముందు వెంకాయమ్మ కొడుకుని బంకుకి తోలింది. “పండగపూట బండి ఖాళీ కడుపుతో ఉండకూడదు రా. ఏడాదంతా నిండుగా తిరగాలి” అంది. లోవరాజు గొంతుదాకా నింపించుకొచ్చాడు. తెచ్చి, కడిగి, దుమ్ము పడకుండా అద్దాలన్నీ బిగించి ఇంటి ముందు ఎండలో పెట్టాడు.

ఆ పూట నేను అనుభవించింది పగవాడికి కూడా వద్దు. ఎండకు కారు లోపల కాగిపోయింది. నిండు ట్యాంకు ఉబ్బి, పేస్టు ఊడిన సందులోంచి పెట్రోలు బుసబుసా పైకి ఊరింది. రేకు మూత మీద మడుగు కట్టింది. ఆవిరి నాలోంచి పైకి లేచి, పోయే దారి లేక, కారంతా నిండిపోయింది. నేను లోపల మగ్గిపోతుంటే బయట వీధి వీధంతా పూజ చూడ్డానికి వచ్చింది. పిల్లలు కొబ్బరి ముక్కల కోసం కాచుకుని ఉన్నారు. వెంకాయమ్మ పట్టుచీర కట్టుకుని, హారతి పళ్ళెంలో కర్పూరం ముద్ద పెట్టింది. చిన్నా చితకా బిళ్ళ కాదు, దసరా కర్పూరం. వెలిగించింది. ముందు బోనెట్టుకి మూడుసార్లు తిప్పింది. తర్వాత ముందు తలుపు వైపు నడిచింది.

లోపల వినాయకుడు ఉన్నాడు కదా! ఆయనకి హారతి ఇవ్వకుండా ఎలా? ఏటా ఇచ్చేదే. ఒక చేత్తో పళ్ళెం, రెండో చెయ్యి తలుపు పిడి మీద. భగభగ మంట పళ్ళెంలో ఊగుతోంది. నేను చచ్చాననుకున్నాను. చచ్చేది నేనొక్కదాన్నే కాదు. వెంకాయమ్మ, అగరొత్తులు పట్టుకుని ఆవిడ పక్కనే నిలబడ్డ లోవరాజు, తలుపు సందు పక్కనే పసుపు నీళ్ళ చెంబుతో సునంద, ఆమె కడుపులో బిడ్డ, చుట్టూ ఆ పిల్లలు. వద్దమ్మా, తలుపు తియ్యకమ్మా!

తలుపు వేలెడంత తెరుచుకుంది. లోపలి ఆవిరి బుస్సుమని సునంద మొహం మీద కొట్టింది.

“అత్తయ్యా, ఆగండి!”

“హారతి మధ్యలో ఆగకూడదే, పక్కకి తప్పుకో.”

“అత్తయ్యా, వద్దు!”

అత్తగారికి రెండో మాట చెప్పని పిల్ల ఏం చేసిందో చూడండి. తలుపుని తుంటితో ఒక్క తోపు తోసి మూసేసింది. ఆవిడ చేతిలో వెలుగుతున్న పళ్ళాన్ని లాక్కుంది. అంత కడుపుతోనూ వీధి అవతలిదాకా పరిగెత్తింది. అక్కడ కారు కడిగిన బకెట్టు ఉంది. అందులో హారతి పళ్ళెం ముంచేసింది. చుయ్యిమంది. వెనక్కి తిరిగి, “ఏవండీ, ఆ అగరొత్తులు కాలవలో పడెయ్యండి! పిల్లల్ని దూరంగా పంపండి!” అని కేక పెట్టింది.

వీధి స్తంభించిపోయింది. దసరాపూట, ఇంటి కోడలు, వెలుగుతున్న హారతిని మురికి నీళ్ళలో ముంచింది! పక్కింటావిడ చెంపలు వేసుకుంది. వెంకాయమ్మ ఖాళీ చేతులు అలాగే చాపి నిలబడిపోయింది. ఒక్కసారిగా కోడలి మీద విరుచుకుపడింది.

“ఎంత పని చేశావే! ఏడాదికోసారి వచ్చే పూజ. నా కొడుకు బతుకు దీని మీదే నడుత్తుంది. వాడి బతుకు ఆర్పేశావే, నీ చేతులతో!”

“ఆరకూడదనే ఆర్పానత్తయ్యా” అంది సునంద. ఏడుస్తోంది, అయినా చెబుతోంది. “తర్వాత మీరు నన్ను ఏమన్నా అనండి, పడతాను. ముందు ఆ వెనక సీటు ఎత్తి చూడండి. మీరు ఎత్తకపోతే నేనే ఎత్తుతాను.”

అన్నంత పనీ చేసింది. నాలుగు తలుపులూ బార్లా తీసి, గాలి ఆడనిచ్చి, వంగలేక వంగి నా ముందంచు పట్టుకుని లాగింది. అది చూసి లోవరాజుకి చలనం వచ్చింది. “నువ్వు తప్పుకో, నేను తీత్తాను” అని వచ్చి నా కొక్కేలు ఊడదీశాడు. ఎత్తి పక్కకు పెట్టాడు. నా అడుగు అంతా తడి. రేకు మూత అంచున పెట్రోలు ఎండకు నిగనిగ మెరుస్తోంది.

లోవరాజు దాన్ని చూశాడు. వాడికి పెళ్ళికొడుకూ, బుల్లబ్బాయి చెప్పిన రింగూ, తను అన్న “అలాగేలే” అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి కాబోలు, అక్కడే మట్టిలో కూలబడ్డాడు. “ఇది... ఇది నేనేనే సునందా” అన్నాడు. ఆమె వాడి వైపు చూడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటోంది.

వెంకాయమ్మ నెమ్మదిగా వచ్చింది. వంగి చూసింది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. కొంగు నడుముకి చుట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. బుల్లబ్బాయి షెడ్డుకి వెళ్ళిందని తర్వాత తెలిసింది. అక్కడ జరిగింది బుల్లబ్బాయి ఆ సాయంత్రం లోవరాజుతో చెబుతుంటే విన్నాను. వాడి పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ పసుపు కుంకుమలతో అమ్మవారి పటం ముందు పేర్చి ఉన్నాయి. దసరా రోజు పూజలో పెట్టిన పనిముట్టు మర్నాటి వరకూ ముట్టుకోకూడదు. మీకు తెలిసిందే. “ఇయ్యాళ ముట్టుకోకూడదు కదా పిన్నీ, రేపు పొద్దున్నే వత్తాను” అన్నాడట వాడు.

ఏడాది పొడుగునా మడీ తడీ అంటూ వాడి షెడ్డు గుమ్మం తొక్కని వెంకాయమ్మ లోపలికి వెళ్ళి, అమ్మవారి ముందున్న పానా తన చేత్తో తీసి వాడి చేతిలో పెట్టిందట. “నడు. పాపమొత్తే నాకు రానీ. అమ్మవారితో నేను చెప్పుకుంటాను” అందట.

బుల్లబ్బాయి వచ్చి చూసి నుదురు కొట్టుకున్నాడు. “తాళం తిప్పకండి, ఎవరూ తిప్పకండి!” అంటూ మనుషుల్ని కూడేసి, కారుని చేతులతో తోయించి ఊరి చివర ఖాళీ స్థలంలో పెట్టించాడు. గొట్టం వేసి పెట్రోలు డబ్బాల్లోకి దించాడు. మర్నాడు తనే కాకినాడ వెళ్ళి కొత్త రింగు తెచ్చాడు. పాత పేస్టు అంతా గోకి, శుభ్రంగా తుడిచి, రింగు గాడిలో కూర్చోబెట్టి బిగించాడు. తర్వాత ట్యాంకు నిండా పోయించి, ఎండలో పెట్టించి, అద్దాలు మూసి, మళ్ళీ తెరిచి చూశాడు. ముక్కు పెట్టి చూడమని ఎవరిని పిలిచాడనుకున్నారు? సునందని. ఆమె “లేదు” అనేదాకా పానా కింద పెట్టలేదు.

నా సంగతి మాత్రం వేరు. నేను ఆ పెట్రోలు ఎంత తాగానో ఎన్ని ఎండలకు ఎండబెట్టినా వాసన వదల్లేదు. పాత కార్ల బజారులో ఇంకో సీటు దొరికింది. అది నా జాగాలో టక్కుమని కూర్చుంది. నన్ను వంటింటికి దూరంగా, పెరటి గోడవార ఆనించి పెట్టారు. బాధ లేదా అంటే ఉంది. చిన్నదో పెద్దదో, ఒక బండిలో జాగా ఉండేది నాకు. కానీ ఆ పిల్ల నా మీద కూర్చుని భయపడ్డ ప్రయాణాలు ఇక లేవు. అదే చాలు.

సునందని పురిటికి పుట్టింటికి పంపే రోజు వచ్చింది. కారు పెరటి గుమ్మం ముందే ఆగింది. చీర, సారె, పళ్ళబుట్టలు వెనక సర్దారు. సునంద ఎక్కబోతుంటే వెంకాయమ్మ “ఆగమ్మా” అని చెయ్యి అడ్డం పెట్టింది. కొడుకు చేత కొత్త సీటు ఎత్తించింది. మోకాళ్ళ నొప్పులతో మెట్టు ఎక్కడానికే మూలిగే మనిషి, నేల మీద మోకాళ్ళు వేసి, కారులోకి వంగి, ఆ రేకు మూతకి ముక్కు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. వీధిలోవాళ్ళు చూస్తున్నారు, చూడనీ. లేచి, కోడలి చెయ్యి పట్టుకుని తనే ఎక్కించింది.

“భద్రం తల్లీ. ఏ వాసన వచ్చినా చెప్పు. అక్కడ మీవాళ్ళు నమ్మకపోతే నాకు ఫోను చెయ్యి, నేనొత్తాను” అంది.

సునంద నవ్వింది. కారు వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగేదాకా ఆవిడ చూస్తూ నిలబడింది. తర్వాత పెరట్లోకి వచ్చి, కూర్చోవడానికి ఇంకేం కనపడనట్టు, నన్ను కింద పడేసి నా మీద కూలబడింది. నా వాసన ఆవిడకు తెలియకుండా ఉండదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట, చుట్టూ మనుషులెవరూ లేరని చూసుకుని, అప్పుడు అంది.

“నా చేతుల్తో నేనే తగలెట్టేసేదాన్ని.”